బొంతగుడ్డ ఖరీదు

శ్రోతలకు నమస్కారం.

బొంత అనగానే మనకు పాత చీరలు గుర్తుకు వస్తాయి. పాతవి కాబట్టి ఆ గుడ్డకు ఖరీదేమీ లేదని చాలామంది అనుకుంటారు. ఏదైనా పని అస్తవ్యస్తంగా జరిగితే దానిని అతుకుల బొంత అని తీసిపారేస్తారు. ఆ మాట విన్న ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే బొంతగుడ్డకు అప్పుడూ ఖరీదు ఉండేది, ఇప్పుడూ ఉంది. అప్పటి ఖరీదు ఎంతో మా నాయనమ్మకు బాగా తెలుసు.

ముందుగా చీర కొలత గురించి చెప్పాలి. మా నాయనమ్మ కట్టుకున్నవి 8 గజాల నేతచీరలు. గజానికి 2 మూరల చొప్పున చీర పొడవు 16 మూరలు. మనిషి కాళ్లు చాపుకొని పడుకోవడానికి 4 మూరలు, అంటే 6 అడుగులు కావాలి. 16 మూరల చీరను సగానికి మడిచి, దానిని మళ్లీ సగానికి మడిస్తే సరిగ్గా 4 మూరల పొడవున 4 పొరలు వస్తాయి. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎలాగూ రెండున్నర మూరలు ఉంటుంది. అటువంటివి 2 చీరలు ఉంటే 8 పొరల బొంత తయారవుతుంది. కత్తెర పెట్టే అవసరం లేదు, జానెడు గుడ్డ వృథా కాదు. కూర్చునే చోట జీర్ణించిన భాగాన్ని లోపలి పొరల్లోకి తోసి, గట్టిగా ఉన్న కొంగును పైకి తెచ్చి, మా నాయనమ్మ చాప మీద ఆ మడతలను అరచేత్తో సాపు చేస్తూ ఉంటే నేను నాలుగు మూలలా ఇత్తడి చెంబులు బరువు పెట్టేవాణ్ణి. ఆ తరువాత ఆమె దబ్బనం అందుకొని, అంచు నుంచి మొదలుపెట్టి, బెత్తెడు ఎడంగా ఒక్కొక్క వరుసే కుట్టుకుంటూ నడిమికి వచ్చేది.

చీర ఆ చాప మీదికి చేరడానికి ఎన్ని సంవత్సరాలు పట్టేదో కూడా చెప్పుకోవాలి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బట్టకు తీవ్రమైన కొరత ఏర్పడి, 1943లో ప్రభుత్వం నూలు బట్టల మీద కంట్రోలు పెట్టింది. అంతకు మించి అమ్మకూడదంటూ గరిష్ఠ ధరను మిల్లు బట్ట మీదనే ముద్ర వేసేవారు. ఆ రోజులలో చిరిగిన చీరను నడిమికి చించి, గట్టిగా ఉన్న అంచులను కలిపి కుట్టి, మళ్లీ కట్టుకునేవారని నాయనమ్మ చెప్పేది. అప్పటికీ నిలవకపోతే ఉయ్యాలకు కట్టేవారు, పొత్తిగుడ్డలు చేసేవారు. ఇవన్నీ అయిన తరువాతనే బొంత వంతు వచ్చేది.

బొంతగుడ్డ ధరను ఒక మనిషి నోటితో పలకగా నేను మొదటిసారి విన్నది మా వీధి అరుగు మీద. పాత బట్టలు తీసుకొని స్టీలు గిన్నెలు ఇచ్చే వ్యాపారి మధ్యాహ్నం పూట వచ్చేవాడు. జరీ చీర అయితే అతని ముఖం వికసించేది, జరీలో వెండి ఉంటుంది కదా. నేతచీరను మాత్రం ఎండకు ఎత్తి పట్టుకొని, చిరుగులు లెక్కపెట్టి, పెదవి విరిచేవాడు. ఆ రోజు 2 నేతచీరలకు కలిపి దోసెడు నీళ్లు పట్టే గిన్నె ఇస్తానన్నాడు. నాయనమ్మ ఆ గిన్నెను చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, "చలికాలం వస్తే ఈ గిన్నె కప్పుకొని పడుకుంటామటయ్యా?" అని అడిగి, చీరలు రెండింటినీ చంకన పెట్టుకొని లోపలికి వెళ్లిపోయింది. ఆ సంవత్సరం మేము కప్పుకున్న బొంతగుడ్డ ఖరీదు, ఆమె వద్దనుకున్న ఆ స్టీలు గిన్నె.

ఇప్పటి సంగతికి వద్దాము. ఈనాటి చీర ఐదున్నర మీటర్లు, అంటే దాదాపు 18 అడుగులు. దానికి 3 పొరలే వస్తాయి. అంతకంటె పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఇళ్లలో రోజూ కట్టే చీరలు చాలావరకు పాలిస్టరువి. తెలంగాణలో 2017 నుంచి బతుకమ్మ పండుగకు పంచిన సిరిసిల్ల చీరలు కూడా ఎక్కువ భాగం అటువంటివే. వాటి వలన మరమగ్గాల కార్మికులకు పని దొరికింది, అది నాకు ఎంతో సంతోషం. కాని ఆ గుడ్డ బొంతకు పనికిరాదు. సూది కింద జారిపోతుంది, చెమట పీల్చదు, పొరకు పొర అంటుకొని ఉండదు. అందుచేత బొంత కావాలనుకున్నవారు నేడు కొత్త నూలుబట్ట కొనవలసి వస్తున్నది. పత్తి ధర పెరిగితే ఆ భారం బట్ట మీద కూడా పడుతుంది. 2022లో ఒక క్యాండీ, అంటే 356 కిలోల దూది ధర లక్ష రూపాయలు దాటింది.

6 పొరల బొంతకు 36 అడుగుల గుడ్డ, అంటే 11 మీటర్లు కావాలి. మీటరు 100 రూపాయలు అనుకున్నా 1100 రూపాయలు అవుతుంది, దారం ఖర్చు, కుట్టుకూలి వేరు. అంత ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం. పైపొరకు, అడుగుపొరకు మాత్రమే కొత్త గుడ్డ కొనండి. దానికి 4 మీటర్ల లోపే పడుతుంది, ఖర్చు 400 రూపాయలు దాటదు. లోపలి 4 పొరలకు పాత పంచెలు, లుంగీలు, నూలు దుప్పట్లు, చున్నీలు వాడండి. అవి ఎన్నో ఉతుకులకు మెత్తబడి ఉంటాయి, ఇకమీద కుంచించుకుపోవు. కొత్త గుడ్డను మాత్రం ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరవేసిన తరువాతనే కొలవండి. తడపకుండా కుట్టిన బొంత మొదటి ఉతుకులోనే ముడుచుకుపోతుంది.

ఇంట్లో ఉన్న పాత చీర నూలుదో కాదో తెలియకపోతే, అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకొని దీపానికి చూపండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తని బూడిద రాలుతుంది. పాలిస్టరు అయితే పోగు ముడుచుకొని, కరిగి, చివర గట్టి పూస మిగులుతుంది. పూస మిగిలిన చీరను నిశ్చింతగా ఇచ్చి గిన్నె తీసుకోండి. బూడిద రాలిన చీరను మాత్రం లోపలికి తెచ్చుకోండి.

నమస్కారం.