పాండిచ్చేరిలో పాత కాలపు ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారా? బుక్ చేసే ముందు ఇవి చూడండి

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి కుటుంబంతో పాండిచ్చేరి వెళ్లి, హోటల్‌లో కాకుండా ఒక పాత ఇంట్లో రెండు మూడు రోజులు ఉండాలనుకునేవాళ్ల కోసం ఈ వీడియో. ఫొటోల్లో ఏం చూడాలో, ఓనర్‌ని ఫోన్‌లో ఏం అడగాలో నా స్క్రీన్ మీదే చూపిస్తాను.

ప్రయాణానికి పెద్ద టెన్షన్ లేదు. తిరుపతి నుంచి నేరుగా రైలుంది. కారులో అయితే తిరుత్తణి, కాంచీపురం, దిండివనం మీదుగా 200 కిలోమీటర్ల పైచిలుకు.

ముందు మ్యాప్ తెరవండి. ఊరి మధ్యలో నిలువుగా ఒక కాలువ కనిపిస్తోంది కదా. దానికి తూర్పున, సముద్రం వైపు ఉన్నది ఫ్రెంచివాళ్ల పేట. వైట్ టౌన్ అంటారు. ఎత్తైన ప్రహరీలు, కమాను గేట్లు, పొడవాటి కిటికీలు అక్కడ ఉంటాయి. పడమటి వైపు తమిళ పేట. ఆ ఇళ్లు మనకు కొత్తగా అనిపించవు. వీధి వైపు తిన్నె, చెక్క స్తంభాల పంచ, లోపల ఆకాశం కనిపించే మండువా. కొన్ని ఇళ్లకు కింద తమిళ పద్ధతి, పైన ఫ్రెంచి పద్ధతి. ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనంద రంగ పిళ్లై 18వ శతాబ్దపు భవనం అలాంటిదే. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే నేనైతే తమిళ పేటే చూడమంటాను. మండువా చుట్టూ అందరూ ఒకచోట కూర్చోవచ్చు. బీచ్ రోడ్డు ఎలాగూ నడిచి వెళ్లేంత దూరమే. సాయంత్రం ఆరు దాటితే ఆ రోడ్డు మీదికి బండ్లను వదలరు, పిల్లల్ని ధైర్యంగా నడిపించొచ్చు. అయితే అక్కడ ఒడ్డు చాలావరకు బండరాళ్లే. నీళ్లలోకి దిగే చోటు కాదు.

ఇప్పుడు ఫొటోలు. హెరిటేజ్ అని రాసినవన్నీ పాత ఇళ్లు కావు. కొత్త కాంక్రీటు గదికి పసుపు రంగు కొట్టి రెండు చెక్క కుర్చీలు వేసినా ఆ పేరే పెడతారు. అందుకే పైకప్పు ఫొటో వెతకండి. ఇదిగో, పెద్దది చేస్తున్నాను. లావుపాటి దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా వాసాలు, వాటి పైన సున్నంలో నిలబెట్టి పేర్చిన సన్నటి ఇటుకలు. దీన్నే మద్రాస్ టెర్రస్ అంటారు. ఇది కనిపిస్తే ఇల్లు పాతదే అనుకోవచ్చు. ఇప్పుడు ఆ దూలం గోడలోకి దిగే చోట చూడండి. నల్లటి మరక ఉంటే పైనుంచి నీళ్లు దిగుతున్నాయన్నమాట.

తర్వాత గోడ అడుగుభాగం. పాత ఇటుక గోడ నేలలోని చెమ్మను పైకి లాగుతుంది. సున్నం పూత ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది. మరమ్మతు పేరుతో దాని మీద సిమెంటు పూసి, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఉప్పు పొంగి రంగు పొరలు పొరలుగా లేస్తుంది. మంచం వెనక గోడ అలా ఉబ్బి కనిపిస్తే ఆ గది వద్దనండి. ఆయాసం ఉన్నవాళ్లు అక్కడ నిద్రపోలేరు.

మన చిత్తూరు వైపు తమిళం చాలామందికి వస్తుంది కాబట్టి మెసేజ్‌తో సరిపెట్టకుండా ఫోన్ చేయండి. కింద పడకగది, దానికి ఆనుకుని వెస్టర్న్ టాయిలెట్ ఉన్నాయా? మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఉందా? పాత ఇళ్లలో చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కలేరు. కరెంటు పోతే ఇన్వర్టర్ దేనికి పనిచేస్తుంది? వంట చేసుకోనిస్తారా? కారు ఎక్కడ పెట్టాలి? అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వెళ్తే ఇంకో ప్రశ్న తప్పనిసరి: గట్టి వాన పడితే మండువాలో నీళ్లు ఎంత సేపట్లో పోతాయి? బాగా చూసుకునే ఓనర్ దీనికి టక్కున జవాబు చెప్తాడు.

అలాంటి ఓనర్ దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా ఇవ్వండి. సున్నం పని తెలిసిన మేస్త్రీకి, వాసాలు మార్చే వడ్రంగికి చాలా ఖర్చవుతుంది. మనమిచ్చే అద్దె రాకపోతే ఆ ఇంటిని కొట్టేసి నాలుగంతస్తులు లేపుతారు. పాత మిద్దె పోయి లాడ్జి రావడం మనకు తెలియనిది కాదు.

ఇంట్లోకి వెళ్లగానే గదులు, సామాన్లు ఫోన్‌లో వీడియో తీసి, ఆ రోజే ఓనర్‌కి పంపండి. డిపాజిట్ దగ్గర గొడవ రాదు. గోడకు మేకు కొట్టకండి, పుట్టినరోజు బెలూన్లకు టేపు అంటించకండి, సున్నం పెచ్చుతో సహా ఊడొస్తుంది. పూల డిజైను సిమెంటు టైల్స్ ఉంటే పులుసు, నిమ్మరసం ఒలికిన వెంటనే తడిగుడ్డతో తుడవండి. పులుపు ఆ టైల్‌ని తినేస్తుంది, మరక మళ్లీ పోదు.