పాకలో నిలబడిన ట్రాక్టరు

శ్రోతలందరికీ నమస్కారం.

బండి కొనుక్కోవాలా, కిరాయికి తెచ్చుకోవాలా? ఈ పూట మాట్లాడుకునేది ఇదే. కార్ల సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ట్రాక్టరు సంగతి చెబుతాను. మా బాబాయి కొన్నాడు కాబట్టి, కొన్ననాటి మిఠాయి నేనూ తిన్నాను కాబట్టి.

తెనాలి పక్కన బాబాయికి 6 ఎకరాల మాగాణి. సార్వాకి వరి, తర్వాత మొక్కజొన్న. ఏళ్ల తరబడి కిరాయి ట్రాక్టరుతోనే సేద్యం చేశాడు. ఒక ఏడాది కాలవకి నీళ్లొచ్చాయి. నీళ్లొస్తే ఊరంతటికీ ఒకేసారి దమ్ము చెయ్యాలి, అంటే నాటుకి ముందు నీళ్లు పెట్టి పొలాన్ని బురదగా దున్నాలి. ట్రాక్టరతనికి ఫోన్ చేస్తే "రేపు బాబాయ్" అన్నాడు. మర్నాడూ రేపే. అలా పది రోజులు గడిచాయి. 25 రోజుల నారు కాస్తా 35 రోజులది అయి కూర్చుంది. ముదురు నారు వేస్తే పిలకలు తక్కువ, మీకు తెలిసిందే. ఎకరానికి 3 బస్తాలు తగ్గాయని బాబాయి లెక్క. బస్తా 1,700 వేసుకున్నా, 6 ఎకరాలకీ 30 వేలు.

ఆ కోపంలో కొన్నాడు. కోపంలో కొన్న వస్తువు గురించి మనం తర్వాత మాట్లాడుకుందాం.

ట్రాక్టరు, వెనకాల తగిలించే ట్రక్కు, గొర్రు, రోటవేటరు, దమ్ము చక్రాలు, అన్నీ కలిపి 10 లక్షలు. చేతిలోంచి 2 లక్షలు పెట్టాడు. మిగతా 8 లక్షలు అప్పు, 12 శాతం వడ్డీ, అయిదేళ్లు, ఆరు నెలలకో వాయిదా. వాయిదా 1,08,000 పైచిలుకు. సంక్రాంతికి ఒకటి, ఆషాఢానికి ఒకటి. ఆషాఢంలో రైతు చేతిలో లక్ష ఎక్కడుంటుందో ఆ కాగితం రాసినవాళ్లకే తెలియాలి.

ఏడాది తిరిగాక పండక్కి వెళ్లాను. ట్రాక్టరు పాకలో ఉంది. సీటు మీద పాలిథిన్ కవరు ఇంకా తియ్యలేదు, దాని మీద కోడి పడుకుంది. స్టీరింగు వెనకాల చిన్న గాజు కింద గంటల మీటరు ఉంటుంది చూడండి, ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చెప్పేది. తుడిచి చూశాను. 153.

"ఇంటికి వచ్చినప్పుడు ఎంతుంది పిన్నీ?" అన్నాను.

"మూడు," అంది. పిన్ని దగ్గర అన్ని లెక్కలూ ఉంటాయి, గోడ మీద క్యాలెండరు వెనకాల రాస్తుంది.

అంటే ఏడాదికి 150 గంటలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. 150.

ఇక ఖర్చు. 10 లక్షల సరంజామా పదేళ్లు నడిచి, చివరికి లక్షకి అమ్ముడుపోతుందనుకుందాం. అరుగుదల ఏడాదికి 90 వేలు. పదేళ్లలో సగటున అందులో ఇరుక్కుని ఉండే డబ్బు అయిదున్నర లక్షలు, 12 శాతం మీద దాని వడ్డీ 66 వేలు. ఇన్సూరెన్సు, పాక, ఎలుకలు కొరికిన వైర్లు, అవీ ఇవీ 24 వేలు. మొత్తం 1,80,000. బండి కదిలినా ఇంతే, కదలకపోయినా ఇంతే. చుక్క డీజిలు పొయ్యకముందే ఇంత.

1,80,000ని 150 గంటలకి పంచండి. గంటకి 1,200.

మా ఊళ్లో కిరాయి ట్రాక్టరు గంటకి ఎంతనుకున్నారు? 1,200. డీజిలు వాళ్లది, డ్రైవరు వాళ్లవాడు. వాళ్లు పని చేసిపెట్టి తీసుకునే డబ్బు, మా బాబాయికి బండి పాకలో నిలబడినందుకే అవుతోంది! డీజిలు, డ్రైవరు, ఆయిలు, టైర్ల అరుగు కలిపి గంటకి ఇంకో 600. సొంత ట్రాక్టరు గంట ఖరీదు 1,800 అన్నమాట.

ఆ 150లో సొంత పొలానికి అయినవి 70. వేసవి దుక్కి, దమ్ము, ఎరువు తోలకం, ధాన్యం తోలకం, అన్నీ కలిపి. 70 గంటలు కిరాయికి తెచ్చుకుంటే 84 వేలు. పైన ముదిరిన నారు నష్టం 30 వేలు, పోనీ ప్రతి ఏడూ వస్తుందనే అనుకుందాం. అయినా 1,14,000, బండి నిలబడినందుకయ్యే 1,80,000 కంటే తక్కువే. బాబాయి కోపానికి న్యాయం ఉంది. కోపం ఖరీదే ఎక్కువైంది.

మరి ఎన్ని గంటలు తిరిగితే గిట్టుతుంది? గంట తిరిగితే 1,200 వస్తుంది, 600 పోతుంది, 600 మిగులుతుంది. 1,80,000 పూడాలంటే 300 గంటలు. మళ్లీ చెబుతాను, 300. వ్యవసాయ ఇంజనీరింగు పుస్తకాల్లో ట్రాక్టరుకి ఏడాదికి 1,000 గంటలు వేస్తారు, పదేళ్లకి 10,000. ఆరెకరాల రైతుకి అది ఏడు జన్మల పని.

ఇప్పుడు ధర తగ్గిందిగా అంటారు. తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దించారు. ఏడు లక్షల బండికి యాభై వేలు దాకా కలిసొస్తుంది. మంచిదే. పదేళ్లకి పంచితే ఏడాదికి 5 వేలు. 300 గంటలు 290 అవుతాయేమో, 150 కావు.

బయటి పనులకి వెళ్లొచ్చుగా అంటారు. బాబాయీ అలాగే అనుకున్నాడు. 80 గంటలు వెళ్లాడు కూడా. కానీ డీజిలు నగదు, కిరాయి అరువు. బంకులో డబ్బులు లెక్కపెట్టి ఇవ్వాలి, పొలంలో మాత్రం "కోతలయ్యాక చూద్దాంలే". బంధువులని అసలు అడగలేం. "ఇంటి ముందు ట్రాక్టరుంటే ఆ దర్జాయే వేరు" అని మా మామయ్య అంటాడు. దర్జా బాబాయిది, దుక్కి మామయ్యది.

సమయం దగ్గరపడింది కనక ఒక్క సంగతే చెబుతాను. కిరాయికి తెచ్చుకునేవాళ్లు గంటకి వంద తగ్గించమని బేరమాడతారు. వంద కోసం కాదు, రోజు కోసం ఆడండి. కాలవ వదలకముందే, తొలకరి పడకముందే వెళ్లి, మా పొలంలోకి ఫలానా రోజు దిగాలి అని మాట్లాడుకుని, డీజిలు డబ్బులు ముందే చేతిలో పెట్టండి. నిరుడు బాబాయి అవతలి పక్కనుంచి, బండి కిరాయికిచ్చేవాడిగా, ఇదే చేశాడు. నలుగురు రైతులతో మేలోనే వరస మాట్లాడుకున్నాడు. డీజిలు డబ్బు ముందు, మిగతాది ధాన్యం అమ్మాక. కాలవకి నీళ్లొచ్చాక వాళ్లలో ఒక్కరూ ఫోన్ చెయ్యలేదట, అవసరం రాక. కొననివాళ్లు అలాంటి బండిని పట్టుకోవాలి. దగ్గర్లో రైతు సంఘం నడిపే యంత్రాల అద్దె కేంద్రం ఉంటే అక్కడా ముందే పేరు రాయించుకోవచ్చు.

కొనాలనుకునేవాళ్లు షోరూముకి వెళ్లేముందు ఒక్క ఏడాది మీ పొలంలో కిరాయి ట్రాక్టరు తిరిగిన గంటలు రాసుకోండి. క్యాలెండరు వెనకాలే రాయండి, పుస్తకం పెడితే పోతుంది.

మొన్న ఫోన్ చేశాను. "మీటరెంత బాబాయ్?" అంటే "465" అన్నాడు, గొంతులో గర్వం. అంటే ఈ ఏడు 312 గంటలు. "గిట్టేసిందిగా మరి!" అన్నాను. వెనకనుంచి పిన్ని గొంతు వినబడింది. "మీ మామయ్య దుక్కి 20 గంటలు, గుడికి మట్టి తోలింది 6. అవి తీసెయ్యమను. ఇంకా 14 తక్కువ."

నమస్కారం.