విక్రాంత్‌ను దాచిన అడ్మిరల్

శ్రోతలకు నమస్కారం.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖపట్నం తీరంలో పెద్ద పేలుడు వినిపించింది. ఇళ్ల కిటికీ అద్దాలు అదిరాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ రేవు బయట మునిగిపోయింది. అప్పుడు తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ గారు. ఈ పూట ఆయన గురించే చెప్పుకుందాం.

రెండో ప్రపంచయుద్ధంలో, 1941లో పర్షియన్ గల్ఫ్‌లో చూపిన తెగువకు కుర్ర అధికారిగా ఉండగానే ఆయన డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అనే బ్రిటిష్ శౌర్య పతకం అందుకున్నారు. 1961లో పోర్చుగీసువాళ్ల చేతిలోంచి డయ్యూను విడిపించిన పోరాటంలో ఐఎన్ఎస్ ఢిల్లీ కెప్టెన్ ఆయనే. తర్వాత విమానవాహక నౌక విక్రాంత్‌ను కూడా నడిపారు. దాని బలం ఎంతో, లోటు ఎక్కడో ఆయనకు బాగా తెలుసు.

1971 నాటికి ఆ లోటు చిన్నదేం కాదు. నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు పడ్డాయి. నౌక పూర్తి వేగం అందుకోలేదు. జలాంతర్గామి వెంటపడితే తప్పించుకోవడం కష్టం. కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా రాగలిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఒక్కటే, అది వచ్చింది విక్రాంత్ కోసమే.

కృష్ణన్ విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్‌కు పంపేశారు. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించే పని పాత డిస్ట్రాయర్ యుద్ధనౌక రాజ్‌పుత్‌కు అప్పగించారు. పెద్ద నౌక పంపినట్టే అది వైర్‌లెస్ సందేశాలు గుప్పించింది. ఊళ్లో కాంట్రాక్టరుకు మాంసం, కూరగాయలు భారీగా ఆర్డరిచ్చారు, ఆ కబురు గూఢచారుల చెవిన పడాలని. ఇంకో ఎత్తు నాకు మరీ నచ్చుతుంది. ఒక నావికుడు తన తల్లి ఆరోగ్యం ఎలా ఉందో అడుగుతున్నట్టుగా, రహస్య సంకేతాలేవీ లేకుండా ఒక సందేశం పంపించారు. కొడుకు బెంగను ఎవరు అనుమానిస్తారు?

ఆ రాత్రి రాజ్‌పుత్ రేవు దాటి, దారి చూపిన పైలట్‌ను దింపేసింది. కాసేపటికి ఎదురుగా నీళ్లలో కలకలం కనిపించింది. నౌక కెప్టెన్ ఇందర్ సింగ్ రెండు డెప్త్ ఛార్జీలు, అంటే నీటి లోపల పేలే బాంబులు, వేయించారు. కొద్ది నిమిషాల్లోనే పేలుడు.

ఆ డెప్త్ ఛార్జీలే ఘాజీని ముంచాయని మన నేవీ అంటుంది. లోపల జరిగిన పేలుడో, సముద్రంలో అదే పరిచిన మందుపాతరో కారణమని పాకిస్తాన్ వాదన. ఏది నిజమైనా కృష్ణన్ గొప్పతనం తగ్గదని నా అభిప్రాయం. విక్రాంత్ ఎక్కడో దూరాన ఉంటే, ఘాజీ విశాఖ ముందు కాపు కాసింది. ఎత్తు పారింది. ఘాజీలో ఉన్నవాళ్లెవరూ బతకలేదు. వాళ్లూ డ్యూటీ మీద వచ్చిన నావికులే. వాళ్లకూ ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లులున్నారు. ఆ మాట అనకుండా ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

డిసెంబరు 4న విక్రాంత్ నుంచి లేచిన సీ హాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. తూర్పు పాకిస్తాన్‌కు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌కు, సముద్రం దారి మూసుకుపోయింది. 16న ఢాకాలో అక్కడి పాకిస్తాన్ సేనాధిపతి జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేస్తున్న ఫొటో మీరు చూసే ఉంటారు. అందులో వెనుక వరుసలో నిలబడ్డ అధికారుల్లో కృష్ణన్ గారూ ఉన్నారు.