లూకెన్‌బాక్ రివ్యూ: ముగ్గురున్న ఊళ్లో ఒక బార్

అందరికీ నమస్కారం. ఇవాళ రివ్యూ చేస్తున్నది ఒక బార్. టెక్సస్‌లో ఆస్టిన్ నుంచి కారులో గంటన్నర వెళ్తే లూకెన్‌బాక్ వస్తుంది. ఊరు అంటున్నాను కానీ జనాభా బోర్డు మీద ఉండే అంకె 3. ఒక పాత చెక్క కొట్టు, దాని వెనకాల బార్, పక్కన డాన్స్ హాల్, పెద్ద పెద్ద ఓక్ చెట్లు, వాటి కింద బల్లలు. ఊరంటే అంతే.

మేం ఆస్టిన్‌లో కాపురమున్న రోజుల్లో సెలవు దొరికితే నాకు మొదట గుర్తొచ్చే చోటు ఇదే. ఇప్పుడు హైదరాబాద్ వచ్చేశాం. స్క్రీన్ మీద మీరు చూస్తున్న క్లిప్పులన్నీ అప్పట్లో ఫోన్‌లో తీసినవి. కొన్ని మసగ్గా ఉంటాయి, సర్దుకోండి.

ఈ వీడియో చేయడానికి ఒక కారణం ఉంది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో మనవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. పక్కనున్న ఫ్రెడరిక్స్‌బర్గ్ పట్నానికి ట్రిప్ వెళ్తూ దారిలో ఇక్కడ దిగి, బోర్డు దగ్గర ఫోటో తీసుకుని, "ఏముందక్కడ, పది నిమిషాల్లో అయిపోయింది" అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. చూడ్డానికైతే నిజంగానే పది నిమిషాలు చాలు. లూకెన్‌బాక్‌కు వెళ్లాల్సింది కూర్చోవడానికి. ఒక సాయంత్రం మొత్తం దానికే ఇవ్వండి.

దారి చెబుతాను. ఆస్టిన్ నుంచి 290 హైవే మీద పడమటి వైపు వెళ్లాలి. డ్రిప్పింగ్ స్ప్రింగ్స్, జాన్సన్ సిటీ, స్టోన్‌వాల్ దాటాక ఎడమ వైపు 1376 నంబరు రోడ్డు వస్తుంది. అందులో నాలుగైదు మైళ్లు. నావిగేషన్ పెట్టుకోండి, ఎందుకంటే ఒకప్పుడు ఈ ఊరి పేరున్న రోడ్డు బోర్డులు పెట్టినవి పెట్టినట్టే మాయమయ్యేవి. ఈ ఊరి అభిమానులు విప్పుకుని ఇంటికి పట్టుకెళ్లేవారు. ఈ ప్రాంతాన్ని హిల్ కంట్రీ అంటారు. సున్నపురాయి కొండలు, పలచని మట్టి, పొట్టి చెట్లు, మేకలు, గాలిమరలు. మార్చి చివర్లో, ఏప్రిల్లో వెళ్తే రోడ్డు పక్కనంతా నీలంగా బ్లూబానెట్ పూలు.

ఇక ఊరి కథ. 1849 ప్రాంతంలో జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు ఇక్కడ ఒక కొట్టు పెట్టారని చెబుతారు. చుట్టుపక్కల రైతులు, అక్కడి మూలవాసులైన కొమాంచీ తెగవాళ్లు ఇక్కడికి వచ్చి సరుకులు మార్చుకునేవారు. తర్వాత అదే కొట్టు పోస్టాఫీసు కూడా అయింది. స్థిరపడ్డ ఒక జర్మన్ కుటుంబం పేరే ఊరికి వచ్చింది. కాలం మారింది, జనం వెళ్లిపోయారు, 1970 నాటికి దాదాపు ఖాళీ. అప్పుడు ఊరు ఊరంతా అమ్మకానికి వచ్చింది. హోండో క్రౌచ్ అనే ఒక రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద పొలం) యజమాని ఇద్దరు స్నేహితులతో కలిసి సుమారు 30,000 డాలర్లకు దాన్ని కొన్నాడు.

ఈ హోండో గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తెల్ల గడ్డం, నలిగిన టోపీ, ఎప్పుడూ ఏదో ఒక కథ చెప్పే నోరు. కాలేజీ రోజుల్లో పేరున్న ఈతగాడు. చిన్న పత్రికలో మారుపేరుతో హాస్యం రాసేవాడు. ఊరు కొన్నాక తనే మేయర్‌నని ప్రకటించుకున్నాడు. దాన్ని రిసార్ట్ చేయలేదు, హోటల్ కట్టలేదు. కొట్టును కొట్టులాగే, బార్‌ను బార్‌లాగే ఉంచి, గిటార్ ఉన్నవాళ్లెవరైనా వచ్చి కూర్చోవచ్చన్నాడు. "ఎవ్రీబడీస్ సంబడీ ఇన్ లూకెన్‌బాక్" అన్న నినాదం ఇప్పటికీ అక్కడి టీషర్టుల మీద కనిపిస్తుంది. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక విలువ ఉందని చెప్పడం. ఇలాంటి నినాదాలు చాలాచోట్ల గోడల మీదే ఉండిపోతాయి. ఇక్కడ మాత్రం అమల్లో ఉంది. అదెలాగో కాసేపట్లో చెబుతాను.

1973 ఆగస్టులో జెర్రీ జెఫ్ వాకర్ అనే గాయకుడు తన బృందంతో వచ్చి ఇక్కడి డాన్స్ హాల్లోనే ఒక ఆల్బమ్ లైవ్‌గా రికార్డు చేశాడు. స్టూడియో నునుపు లేదు, జనం కేకలు, చప్పట్లు అన్నీ అందులో ఉన్నాయి. కంట్రీ సంగీతానికి, అంటే అమెరికా పల్లె పాటలకు, కేంద్రమైన నాష్‌విల్ నగరంలోని రికార్డు కంపెనీల పద్ధతి నచ్చక టెక్సస్ వైపు తిరిగిన సంగీతకారులకు అదొక దారి చూపింది. ఆ తర్వాత 1977లో వేలన్ జెన్నింగ్స్ అనే కంట్రీ గాయకుడు ఈ ఊరి పేరుతోనే ఒక పాట పాడాడు. చివర్లో ఇంకో కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ గొంతు కలిపాడు. కంట్రీ చార్టులో ఆరు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ పాట రాసిన బాబీ ఎమన్స్, చిప్స్ మోమన్ అప్పటికి ఈ ఊరు చూడనే లేదు. పాడిన జెన్నింగ్స్ కూడా చూడలేదు. ఊరి పేరు ప్రపంచానికంతా తెలిసింది కానీ ఆ పాట వినడానికి హోండో లేడు. 1976లోనే చనిపోయాడు. ఆయన కంచు విగ్రహం చెట్ల కింద ఉంది, వెళ్లినప్పుడు చూడండి. 1990ల చివర్లో విల్లీ నెల్సన్ జులై 4 సంగీత ఉత్సవాన్ని కొన్నేళ్లు ఇక్కడే జరిపాడు. ముగ్గురున్న ఊళ్లోకి వేలమంది.

ఇప్పుడు బార్ సంగతి. ముందు కొట్టులోంచి వెళ్తే టోపీలు, స్టిక్కర్లు, టీషర్టులు. దాని వెనక్కి వెళ్తే బార్. చాలా ఇరుకు. తక్కువ ఎత్తు పైకప్పు, గోడలన్నీ పాత బోర్డులు. చలికాలంలో లోపల పొయ్యి వెలిగిస్తారు. కాక్‌టెయిళ్ల మెనూ కోసం వెళ్లకండి. షైనర్ లాంటి టెక్సస్ బీర్ తీసుకుని బయటికి వచ్చేయండి. షైనర్ కూడా మొదట జర్మన్, చెక్ వలసదారుల రుచికి పుట్టిన బీరే, 1909 నుంచి ఉంది. తాగనివాళ్లకు కూల్‌డ్రింక్స్ ఉంటాయి. బయట చెట్ల కింద కోళ్లు తిరుగుతుంటాయి. కోడిపుంజు మీ బల్ల మీదికి ఎక్కినా ఎవరూ ఆశ్చర్యపోరు.

ఇక్కడి ప్రాణం ఆ చెట్ల కింద జరిగే పాటల వలయం. మధ్యాహ్నం దాటాక ఒక్కొక్కరే గిటార్ పట్టుకుని వస్తారు. ఒకరు ఫిడిల్, ఒకరు మాండొలిన్. గుండ్రంగా కూర్చుంటారు. వేదిక లేదు, మైక్ ఉండొచ్చు ఉండకపోవచ్చు. ఒకరు పాట ఎత్తుకుంటారు, ఏ శ్రుతిలోనో చెబుతారు, మిగతావాళ్లు అందుకుంటారు. అది అయ్యాక పక్కవాళ్ల వంతు. ఆల్బమ్‌లు చేసినవాళ్లు ఉంటారు, పొద్దుటిదాకా ట్రాక్టర్ నడిపినవాళ్లు ఉంటారు, నిన్నగాక మొన్న గిటార్ కొన్న కుర్రాడు ఉంటాడు. ఆ కుర్రాడి వంతు వచ్చినప్పుడు చేయి తడబడితే పక్కనున్న పెద్దాయన తన వాయింపు నెమ్మదిస్తాడు, కుర్రాడు తాళం పట్టుకునేదాకా ఆగుతాడు. నినాదం అమల్లో ఉందన్నది ఇందుకే. నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు, అయినా గంటలు గంటలు విన్నాను.

ఒక మర్యాద పాటించండి. పాట నడుస్తుంటే గట్టిగా మాట్లాడుకోకూడదు. వాళ్ల మొహాల ముందు ఫోన్ పెట్టి తీయకూడదు, అడిగితే సంతోషంగా ఒప్పుకుంటారు. ఈ ఊరి పేరున్న ఆ ఫేమస్ పాట పాడమని వెంటపడకండి. రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ఎప్పుడో వాళ్లే పాడతారు.

ఒకసారి మా అమ్మానాన్నలు అనంతపురం నుంచి వచ్చి మాతో ఉన్నారు. మా నాయన వేరుశనగ రైతు. ఆస్టిన్‌లో మా అపార్ట్‌మెంట్లో రోడ్డు మీద మనిషి కనిపించక ఆయనకు ఊపిరాడలేదు. లూకెన్‌బాక్ వెళ్దామంటే బార్ అని తెలిసి అమ్మ కారు దిగనంది. అక్కడ ఒక ముసలావిడ మనవడిని ఒళ్లో పెట్టుకుని చెట్టు కింద కూర్చోవడం చూశాక దిగింది. నాయన మాత్రం నేరుగా వెళ్లి ఒక పెద్దాయన పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఆయన టోపీ, అరచేతులు చూసి రైతేనని పోల్చుకున్నాడు. "బోరు ఎన్ని అడుగులకు పడిందో అడుగు పాపా" అన్నాడు. నేను అడిగాను. నాలుగు వందలు దాటాక నీళ్లు వచ్చాయని చెప్పారాయన. "మాకు ఎనిమిది వందలకూ పడటంలేదని చెప్పు" అన్నాడు నాయన. పెద్దాయన టోపీ తీసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాన సంగతి, మేకల ధర, గడ్డి మోపుల ధర. నేను అటూ ఇటూ మాటలు చేరవేస్తూ చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను. హైదరాబాద్ వచ్చాక కూడా నాయన ఫోన్ చేసినప్పుడు "ఆ మేకలాయన ఊళ్లో వానలు పడినాయంటనా?" అని అడుగుతుంటాడు. అమెరికాలో నేను చూపించిన జలపాతాలు, మ్యూజియాలు ఆయనకు పెద్దగా గుర్తు లేవు.

డాన్స్ హాల్ చెక్కతో కట్టింది. గోడలకు పెద్ద పెద్ద తలుపుల్లాంటి కిటికీలు, వాటిని పైకెత్తి కట్టేస్తే గాలి లోపలికి వస్తుంది. టెక్సస్‌లో ఇలాంటి హాళ్లు జర్మన్, చెక్ వలసదారులు కట్టుకున్నవే. పాటల సంఘాలు, తుపాకీ గురి సంఘాలు, పెళ్లిళ్లు అన్నీ వాటిలోనే జరిగేవి. వాళ్లతో వచ్చిన పోల్కా, వాల్ట్జ్ నాట్యాలు ఇక్కడే ఉండిపోయాయి, వాళ్ల అకార్డియన్‌ను మెక్సికన్ మూలాలున్న టెక్సస్ సంగీతకారులు తమది చేసుకున్నారు. రాత్రి డాన్స్ ఉన్నప్పుడు టికెట్ ఉంటుంది. జంటలన్నీ ఒకే దిక్కులో హాలు చుట్టూ తిరుగుతూ టూ-స్టెప్ వేస్తాయి. రెండు అడుగులు త్వరగా, రెండు నిదానంగా. రాకపోయినా భయపడకండి, డెబ్బై దాటిన ఎవరో ఒకరు వచ్చి నేర్పిస్తారు. పిల్లలు తాతల బూట్ల మీద పాదాలు పెట్టి నాట్యం నేర్చుకోవడం నేను అక్కడే చూశాను. ఏసీ ఉండదు, జులై, ఆగస్టుల్లో చెమటలు పడతాయి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా హాయిగా ఉంటుంది.

చుట్టుపక్కల ఏం చూడాలంటే, ఫ్రెడరిక్స్‌బర్గ్ పదమూడు మైళ్లే. 1846లో జర్మన్లు కట్టుకున్న పట్నం. అందరూ మెయిన్ స్ట్రీట్ షాపులు చూసి వచ్చేస్తారు. మీరు పక్క వీధుల్లోకి వెళ్లి సండే హౌస్‌లు చూడండి. దూరపు పొలాల్లో ఉండే రైతులు శనివారం బళ్ల మీద వచ్చి, సరుకులు కొనుక్కుని, ఆదివారం చర్చికి వెళ్లి తిరిగిపోవడానికి కట్టుకున్న చిన్న చిన్న ఇళ్లు అవి. కింద ఒక గది, పైన పిల్లలకు అటక, ఎక్కడానికి కొన్నింటికి బయటి నుంచే మెట్లు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ ఈ ఊళ్లోనే 1885లో పుట్టాడు, అందుకే ఇక్కడ పసిఫిక్ యుద్ధ మ్యూజియం ఉంది. చరిత్ర ఇష్టమున్నవాళ్లకు సగం రోజు పడుతుంది. ఉత్తరాన ఎన్‌చాంటెడ్ రాక్ ఉంది, గులాబీ రంగు గ్రానైట్ గుట్ట, నేల నుంచి 425 అడుగులు. మన భువనగిరి గుట్ట ఎక్కినవాళ్లకు ఆ ఏకశిల నున్నదనం వెంటనే గుర్తొస్తుంది. శని, ఆదివారాలైతే ముందే రిజర్వేషన్ చేసుకోండి, లేకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపొచ్చు.

స్టోన్‌వాల్ దగ్గర ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ రాంచ్ ఉంది. ఆయన పుట్టింది అక్కడే, సమాధి కూడా అక్కడే, పెడర్నాలస్ నది ఒడ్డున. 1960ల మధ్యలో మన దేశంలో కరువొచ్చినప్పుడు పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం పథకం కింద వచ్చే గోధుమ ఓడలను ఎప్పుడు వదలాలో, ఎంత వదలాలో ఆయనే దగ్గరుండి చూసేవాడు. ఆ నెలల్లో మన ప్రభుత్వం ఓడ కోసం ఓడ ఎదురుచూడాల్సి వచ్చింది. మా నాయన బడిలో ఉన్నప్పుడు మధ్యాహ్నం అమెరికా పిండితో చేసిన పచ్చ ఉప్మా పెట్టేవారు. ఆ సమాధి దగ్గర నిలబడి ఆ ఉప్మా వాసన గురించి చెప్పాడు. మొదటిసారి విన్నాను నేను ఆ సంగతి.

ఇక నా సలహా. మొదటిసారి వెళ్లేవాళ్లు శనివారం వద్దు. చుట్టూ ఉన్న వైన్ తోటల బస్సులన్నీ ఆ రోజే వస్తాయి. వారం మధ్యలో వీలుకాకపోతే ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి. బయలుదేరే ముందు ఆ రోజు ఎవరు పాడుతున్నారో, ఎన్ని గంటలకో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. అక్కడ దొరికే తిండి ఎక్కువగా మాంసమే, శాకాహారులు ముందే తినేసి వెళ్తే మంచిది. పిల్లల్ని, పెద్దవాళ్లను నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. సంగీతకారుల ముందు డబ్బా ఉంటే మర్చిపోకుండా డాలర్లు వేయండి, చాలామందికి ఆ రోజు పెట్రోలు ఖర్చు అదే. తిరిగి వచ్చే 290 రోడ్డు రాత్రిపూట చీకటిగా ఉంటుంది, జింకలు అడ్డం వస్తాయి. కాబట్టి ఎవరు డ్రైవ్ చేస్తారో ముందే తేల్చుకోండి, వాళ్లు ఒక్క బీరు కూడా ముట్టకూడదు. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ నాదే.

రేటింగ్ అడుగుతారు కదా, ఐదుకు ఐదు ఇస్తున్నాను, మనస్ఫూర్తిగా. జూన్‌లో వెళ్తే స్టోన్‌వాల్‌లో రోడ్డు పక్కన అమ్మే పీచ్ పండ్లు ఒక బుట్ట కొనుక్కోండి. వలయంలో కూర్చున్నవాళ్లకు పంచితే వద్దనే మనిషి ఉండడు.