రెండు కార్బన్ ముక్కల కోసం ఒక యంత్రం
(గృహోపకరణాల మరమ్మతు శిక్షణ ముగింపు సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులు గారికి, వేదిక మీదున్న పెద్దలకు, కాసేపట్లో సర్టిఫికెట్లు అందుకోబోతున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసినాయన చాలా పెద్ద మాటలు వాడారు. అందులో సగం తీసేయండి. మిగతా సగంలో ‘నిపుణులు’ అన్నచోట ‘మెకానిక్’ అని పెట్టుకోండి, నాకు హాయిగా ఉంటుంది.

నాకిచ్చిన అంశం ‘గృహోపకరణాల నిర్వహణలో నూతన ధోరణులు’. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మిక్సీ, వ్యాక్యూమ్ క్లీనర్ అని వరసగా కాగితం మీద రాసుకునే వచ్చాను. కానీ ఈ వారమంతా ఒక వ్యాక్యూమ్ క్లీనర్ నా బుర్ర తినేస్తోంది. దాని సంగతి ముందు చెప్పేస్తాను. టైముంటే మిగతావి చూద్దాం.

ఒకావిడ దాన్ని తీసుకొచ్చారు. వారంటీ దాటి ఎక్కువ కాలం కాలేదు. ఒంటి మీద ఒక్క గీత లేదు. ఆన్ చేస్తే గుర్రుమని ఒకసారి తిరిగి ఆగిపోతోంది, కాలిన వాసన. “సర్వీస్ సెంటర్ వాళ్లు మోటారు పోయిందన్నారండీ. ఆ మోటారు ఇప్పుడు రావట్లేదట. ఇది ఇచ్చేస్తే కొత్తదాని మీద కొంత తగ్గిస్తారట. పారేసే ముందు మీరోసారి చూడండి” అన్నారు.

సరే, బల్ల మీద పెట్టాను. ఎటు తిప్పినా స్క్రూ కనిపించదు. అడుగున అంటించిన రబ్బరు బిళ్లలు పీకితే వాటి కింద దాక్కున్నాయి. వాటి తలల మీద మామూలు గాడి కాదు, మూడు మూలల గాడి. మన సెట్లో ఉండే ఏ స్క్రూడ్రైవరూ దూరదు. దానికి వేరే బిట్ వెతికి స్క్రూలన్నీ తీశాను. మూత రాలేదు. లోపల చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలు. అవి ఒకసారి తగులుకోవడానికే చేసినవి, ఊడదీయడానికి కాదు. ఎంత జాగ్రత్తపడ్డా ఒకటి టప్పున విరిగింది. ఎలాగో మోటారు బయటికి తీస్తే ఫ్యాను మీద రేకు తొడుగు, ఆ తొడుగు అంచు చుట్టూ మడిచి నొక్కేసి ఉంది. ఆ మడత కొంచెం కొంచెంగా లేపుకుంటూ లోపలికి వెళ్లాను.

ఏం పోయిందో తెలుసా? కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. అంతే! ఆర్మేచర్, అంటే లోపల తిరిగే భాగం, బాగుంది. దాని మీది తీగ చుట్ల రంగు కూడా మారలేదు. బేరింగులు చేత్తో తిప్పితే చప్పుడు లేదు. బ్రష్‌లు తాకే రాగి చుట్టు, అదే కమ్యుటేటర్, దాని మీద నల్లటి మసి, జీరో పేపరుతో, అంటే సన్న గరుకు కాగితంతో, రుద్దితే రాగి తేలింది. అన్ని విధాలా బాగున్న మోటారుని పోయిందని రాసేశారు.

మీకు తెలుసు గానీ, వేదిక మీద వేరే రంగాల పెద్దలున్నారు కాబట్టి ఒక్క ముక్క చెబుతాను. ఇలాంటి మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించాలంటే దాన్ని తాకుతూ ఏదో ఒకటి ఉండాలి. ఆ పని చేసేవి ఈ రెండు కార్బన్ ముక్కలు. వెనకనుంచి స్ప్రింగు నెడుతూ ఉంటుంది. రాగి అరగకూడదు, కార్బన్ అరగాలి, అందుకే దాన్ని మెత్తగా చేస్తారు. అంటే అది అరుగుతుందని మోటారు గీసిన మొదటి రోజునే తెలుసు.

తెలుసు కాబట్టే పాతవాళ్లు ఏం చేశారు? మోటారుకి అటొకటి ఇటొకటి చిన్న బేకలైట్ బిరడాలు పెట్టారు. చాలా పాత మోటార్లలో మీరది చూస్తారు. బిరడా తిప్పితే బ్రష్ స్ప్రింగుతో సహా చేతిలోకి వస్తుంది. కొత్తది దూర్చి బిరడా బిగిస్తే సరి. మోటారు విప్పనక్కర్లేదు. అరిగే వస్తువుని చేతికందే చోట పెట్టారు. అదే వస్తువుని ఇప్పుడు ఎక్కడ పెట్టారు? మడిచిన రేకు వెనక, విరిగే కొక్కేల వెనక, రబ్బరు బిళ్లల కింద. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, బ్రష్ అరిగిందని మొత్తం యంత్రాన్ని చెత్తలో వేయమంటున్నారు!

కోపంలో చెబుతున్నాననుకోకండి. ఫ్యాక్టరీ వాళ్ల లెక్క నాకూ తెలుసు. స్క్రూ బిగించాలంటే స్క్రూ కావాలి, మనిషి కావాలి, టైము కావాలి. కొక్కెమైతే ఒక్క నొక్కు. లక్షల్లో తయారుచేసేవాడికి ఆ తేడా చిన్నది కాదు. కానీ ఆ మిగులు వాడిది, దాని ఖర్చు మాత్రం ఆవిడ నెత్తిన పడింది.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను. ఈ యంత్రాన్ని కనిపెట్టిందెవరో మీరు తెలుసుకోవాలి. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు ఉండేవాడు. ఆయన చూసిన యంత్రం దుమ్ముని ఊదేది, అంటే ఇక్కడి దుమ్ము అక్కడ పడేది. పీలిస్తే ఎలా ఉంటుందని ఆయన కుర్చీ మీద చేతిరుమాలు పరిచి నోటితో పీల్చి చూశాడట. దగ్గు ముంచుకొచ్చింది, రుమాలు అడుగున మాత్రం నల్లగా మసి. ఆయన చేసిన యంత్రం పెట్రోలు ఇంజనుతో నడిచేది, గుర్రబ్బండి మీద వీధిలో నిలబెట్టి కిటికీల్లోంచి గొట్టాలు లోపలికి పంపేవారు. అది ఇంజినీరు చేసిన పని.

ఇంటి యంత్రానికి దారి తీసినవాడు మాత్రం ఊడ్చే మనిషి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అని, పెద్ద దుకాణంలో శుభ్రం చేసే ఉద్యోగి. ఉబ్బసం. దుమ్ము లేస్తే ఊపిరాడదు, ఊడవకపోతే ఉద్యోగం ఉండదు. ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దుమ్ము పట్టడానికి దిండు గలీబు కలిపి యంత్రం కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. ఆ హక్కులు కొన్నది తోలు వస్తువుల వ్యాపారం చేసే విలియం హూవర్. ఆ పేరే మిగిలింది, ఊడ్చినవాడి పేరు ఎవరికీ గుర్తులేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొదటి యంత్రంలో ప్రతి ముక్కా ఆ వాడే మనిషే తీసి పెట్టుకోగలిగింది. దిండు గలీబు చిరిగితే ఇంకోటి తొడిగేవాడు!

వెనక వరసలో ఎవరో ఏదో అంటున్నారు. గట్టిగా చెప్పు నాయనా, సిగ్గెందుకు. ఆ... “పాతవాటిలో మంచివే మిగిలాయి సార్, చెత్తవి ఎప్పుడో పారేశారు, మనం మిగిలినవి చూసి పాతవన్నీ గొప్పవంటున్నాం” అంటున్నాడు. భేష్. కూర్చో. ఇది నిజమే. నా బల్ల మీదికి వచ్చేవి బతికి బట్టకట్టినవే. ఇంకా చెప్పనా? పాతవి మోయలేనంత బరువు. పాత గుడ్డ సంచుల్లోంచి సన్న దుమ్ము మళ్లీ గదిలోకే వచ్చేది, ఊడ్చినంతసేపూ ఒకటే తుమ్ములు. ఇప్పుడు అతి సన్న దుమ్ముని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉంది, 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆపాలని దాని ప్రమాణం. స్పాంగ్లర్‌కి అది దొరికి ఉంటే కళ్లకద్దుకునేవాడు. పాత వైర్ల రబ్బరు పగిలి షాక్ కొట్టేది. పాతదాన్ని తెచ్చి దండ వేసి పూజించమని నేననడం లేదు.

నేనంటున్నది వేరు. పాతది చెడిపోయేది, కొత్తదీ చెడిపోతుంది. చెడిపోయిన రోజున ఏం జరుగుతుంది? అక్కడ ఉంది తేడా. పాతవాటిలో చెత్తది కూడా మూత తెరిస్తే తెరుచుకునేది. బతికాయంటే గట్టిగా ఉండి మాత్రమే కాదు, ఎవరో ఒకరు విప్పగలిగారు కాబట్టి బతికాయి. ఈ మాట నోట్సులో రాసుకోండి.

ఇప్పటి మనిషికి అది చేతకాదా అంటే, చేతనవుతుంది. ఇంగ్లండులో చార్డ్ అనే ఊళ్లో న్యూమాటిక్ కంపెనీ 1980ల నుంచీ హెన్రీ అని ఒక యంత్రం చేస్తోంది. గుండ్రటి డొక్కు, దాని మీద నవ్వు ముఖం, గొట్టమే ముక్కు. చూస్తే పిల్లల బొమ్మ. కానీ గొట్టం పోతే గొట్టం, మోటారు పోతే మోటారు విడిగా దొరుకుతాయి. అది కూడా ప్లాస్టిక్కే! అందుకని ప్లాస్టిక్‌ని తిట్టకండి, దాన్ని ఎలా మూశారో చూడండి.

వాట్స్ గురించి చెప్పి తీరాలి, ఎందుకంటే రేపు మీ దగ్గరికొచ్చే ప్రతివాళ్లూ “ఇది ఎన్ని వాట్స్?” అనే అడుగుతారు. వాట్స్ అంటే అది ఎంత కరెంటు తీసుకుంటుందనే, ఎంత దుమ్ము పీలుస్తుందని కాదు. పీల్చడం అనేది గాలి ఎంత పారుతోంది, ఎంత ఒత్తిడితో లాగుతోంది అన్న రెండింటి మీదా ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, గొట్టానికి చిల్లి పడినా ఎన్ని వాట్స్ ఉండీ దండగే. కానీ డబ్బా మీద పెద్ద అంకె ఉంటే సరుకు అమ్ముడవుతుంది, అందుకే రెండు వేలు దాటించి మరీ పరిగెత్తారు. చివరికి ఐరోపా సమాఖ్య కట్టడి చేసింది. 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్స్ లోపు, 2017 సెప్టెంబరు నుంచి 900 లోపు ఉండాలంది. దుమ్ము మాత్రం నిర్ణయించినంత లాగి తీరాలంది. 2017 నుంచే ఇంకో రెండు షరతులు పెట్టింది. గొట్టం 40,000 సార్లు వంచినా వాడుకునేలా ఉండాలి, మోటారు కనీసం 500 గంటలు నడవాలి.

500 గంటలంటే వారానికి గంట చొప్పున వాడితే దాదాపు తొమ్మిదిన్నరేళ్లు. తక్కువేం కాదు. చట్టం చేసినవాళ్లకి దణ్ణం. కానీ మళ్లీ నా బ్రష్ దగ్గరికే వస్తున్నాను, విసుక్కోకండి. 501వ గంటలో ఏం చేయాలి? మోటారు బతికుండీ బ్రష్ అరిగిన ఆ గంటలో? విప్పే వివరాలు మరమ్మతు చేసేవాళ్లకి అందుబాటులో ఉంచాలని అందులోనే రాశారు, 2024లో తెచ్చిన మరమ్మతు హక్కు ఆదేశం జాబితాలో వ్యాక్యూమ్ క్లీనర్ పేరూ ఉంది. మంచిదే. మడిచిన రేకుకి బదులు రెండు బిరడాలు పెడితే ఇన్ని పేజీల అవసరం ఉండేది కాదు.

“మాది బ్రష్‌లెస్ మోటారు, మీ గొడవే లేదు” అంటారు వైరు లేకుండా బ్యాటరీతో నడిచే కార్డ్‌లెస్ యంత్రాల వాళ్లు. నిజం, అక్కడ కార్బన్ లేదు. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే మోటార్లున్నాయి, ఆ పనితనం చూస్తే నాకు నిజంగా ముచ్చటేస్తుంది. కానీ అరిగేది వేరే చోటికి మారింది, బ్యాటరీకి. లిథియం బ్యాటరీ కొన్ని వందల చార్జింగుల తర్వాత నీరసిస్తుంది. ప్యాక్‌లో ఆరో ఏడో సెల్స్ వరసగా ఉంటాయి. ఒక్కటి బలహీనపడితే చాలు, లోపలి సర్క్యూట్ మొత్తం ప్యాక్‌ని ఆపేస్తుంది. ప్రమాదం జరగకుండా ఆపడం సరైనదే. అయితే ఆ ప్యాక్ నొక్కితే ఊడి వస్తుందా, అతికించి ఉందా? కొత్త ప్యాక్ ఎన్నేళ్ల దాకా అమ్ముతారు? కొనేవాళ్లు అడగాల్సింది ఇది. రంగు గురించి అడుగుతారు!

అధ్యక్షులు గారు చీటీ పంపారు. ‘రెండు నిమిషాలు’ అని ఉంది. మిక్సీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఇంకోసారి పిలిస్తే చెబుతాను, పిలుస్తారో లేదో వారి దయ.

ఆవిడ యంత్రం ఏమైందని ముందు వరసలో అమ్మాయి అడుగుతోంది. ఆ కొలత బ్రష్ కంపెనీ విడిగా ఇవ్వదు. అంతకన్నా లావుగా ఉన్న వేరే మోటారు బ్రష్‌లు తీసుకుని, గాట్లో బిగుతుగా కాకుండా, వదులుగానూ కాకుండా జారేలా జీరో పేపరు మీద అరగదీశాను. కొసని కమ్యుటేటర్ గుండ్రానికి సరిపోయేలా చెక్కాను. విరిగిన కొక్కెం దగ్గర రంధ్రం వేసి మామూలు నక్షత్రం స్క్రూ బిగించాను. నడుస్తోంది. ఆవిడ అరిగిన ముక్కలు చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, “దీనికా కొత్తది కొనమన్నారు?” అన్నారు.

అమ్మా, బాబూ, మీకో విన్నపం. రేపట్నుంచి మీ పేరు మీద రసీదులు రాస్తారు. బ్రష్ చూడకుండా ‘మోటారు పోయింది’ అని ఎవరూ రాయొద్దు. చూసి, ‘బ్రష్ అరిగింది, కంపెనీ బ్రష్ విడిగా అమ్మడం లేదు’ అని పూర్తిగా రాయండి. మోడల్ నంబరు వేయండి. కింద సంతకం పెట్టండి. తీసిన పాత ముక్కని కవర్లో వేసి రసీదుకి పిన్ను కొట్టి ఇవ్వండి. రేపు వాళ్లు దుకాణానికి వెళ్లి గట్టిగా అడగాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. బాగుచేయలేకపోయినా రసీదు మాత్రం అలాగే రాయండి, దానికి డబ్బులు తీసుకోకండి.

సర్టిఫికెట్లు ఆలస్యమవుతున్నాయి. సెలవు. నమస్కారం.