సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎస్6 అవాంత్ కొంటున్నారా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి

అందరికీ నమస్కారం. టైమ్ ఉదయం ఆరున్నర. కోకాపేటలో ఒక మిత్రుడి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్నాం. వెనక కనిపిస్తున్నది ఆడీ ఆర్‌ఎస్6 అవాంత్. 2015లో మన దేశానికి వచ్చింది, అప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 1.35 కోట్లు. 4 లీటర్ల వీ8, రెండు టర్బోలు, 560 హార్స్‌పవర్. 100 అందుకోవడానికి 3.9 సెకన్లు. డిక్కీలో 565 లీటర్ల చోటు. పిల్లల్ని, అమ్మానాన్నల్ని, ఊరి నుంచి తెచ్చే బియ్యం బస్తాని ఒకేసారి ఎక్కించుకుని ఇంత వేగంగా వెళ్లే బండి నాకు ఇంకోటి తెలియదు. ఇలా వెనక డిక్కీ దాకా పైకప్పు సాగే బండిని స్టేషన్ వ్యాగన్ అంటారు, అదంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం, 1992లో టాటా ఎస్టేట్ వచ్చినప్పటి నుంచీ.

రాత్రంతా బండి ఇక్కడే ఉంది, ఎవరూ స్టార్ట్ చేయలేదు. నేనే అలా అడిగాను. మీరు బండి చూడటానికి వెళ్లేముందు ఓనర్‌కి ఫోన్ చేసి ఇదొక్కటే చెప్పండి: "అన్నా, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి." ఇంజిన్ వేడెక్కితే కొన్ని లోపాలు దాగిపోతాయి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. గత ఏడాది ఒకచోట నేను చెయ్యి పెడితే కాలినంత వేడి. "ఇప్పుడే పెట్రోల్ కొట్టించుకొచ్చాను" అన్నారు. గేజ్ చూస్తే పావు ట్యాంకు కూడా లేదు. ఇంకేమీ చూడకుండా వచ్చేశాను.

స్టార్ట్ చేయకముందు చూసేవి కొన్ని ఉన్నాయి. కాస్త దూరంగా నిలబడి నాలుగు చక్రాల పైన ఫెండర్‌కీ టైరుకీ మధ్య ఖాళీ గమనించండి. ఎయిర్ సస్పెన్షన్, అంటే గాలి సంచుల మీద నిలబడే బండిలో గాలి లీకైతే తెల్లారేసరికి ఒక మూల కూర్చుండిపోతుంది. ఓనర్ స్టార్ట్ చేశాడంటే కంప్రెసర్ మళ్లీ లేపేస్తుంది, ఇక మీకు తెలియదు. డీఆర్‌సీ, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసే సస్పెన్షన్ ఉన్న బండైతే డ్యాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) మీద ఆయిల్ తడి ఉందేమో టార్చ్ వేసి చూడండి.

ఇప్పుడు డిక్కీ. కెమెరా ఇటు రా. ఈ డోర్ పైన కీలు పక్కన నల్ల రబ్బర్ గొట్టం ఉంది చూడండి, దాని లోపల నుంచి వైర్ల కట్ట వెళ్తుంది. వ్యాగన్‌లో ఇంత పెద్ద డోర్ రోజుకి పదిసార్లు లేస్తుంది, దిగుతుంది. వంగి వంగి వైర్లు ఇక్కడే తెగుతాయి. అప్పుడు రివర్స్ కెమెరా ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. డోర్‌ని నాలుగైదు సార్లు మూసి తెరిచి కెమెరా, వైపర్, నంబర్ ప్లేట్ లైటు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.

ఫ్లోర్ ఎత్తండి. ఈ బండికి బ్యాటరీ ఇక్కడే ఉంటుంది. 2020 అక్టోబర్‌లో టోలీచౌకి, ఉప్పల్ వైపు ఎన్ని బళ్లు మునిగాయో మనం కళ్లారా చూశాం. రోడ్డు మీదే మునగక్కర్లేదు, ఇలాంటి సెల్లార్లలోకి నీళ్లొస్తే నిలబెట్టిన బండి నిలబెట్టినట్టే మునుగుతుంది. ఈ గుంటలో మూలల్లో వేలు పెట్టి తుడవండి, మట్టి అంటుతుందేమో చూడండి. తర్వాత వెనక సీటు బెల్టుని చివరిదాకా లాగండి. సగం దాకా లాగితే సరిపోదు, పూర్తిగా. పైన శుభ్రంగా ఉండి, చివరి జానెడు మీద మట్టి గీత కనిపిస్తే అది నీళ్లు తాకిన బండి. బెల్టు చివర కడగాలని అమ్మేవాళ్లకి గుర్తుండదు.

టైర్లు నాలుగూ ఒకే బ్రాండ్, ఒకే అరుగుదల ఉండాలి. క్వాట్రో, అంటే నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండికి రెండు కొత్తవి, రెండు పాతవి వేస్తే, ముందు వెనక చక్రాలకి పవర్ పంచే సెంటర్ డిఫరెన్షియల్ మీద అనవసరమైన లోడ్ పడుతుంది. టైరు మీద ఉండే కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 3521 అంటే 2021లో 35వ వారం. గుంతల్లో పడి రిమ్ వంగిందేమో లోపలి వైపు తడిమి చూడండి.

ఈ ఇంజిన్ మీద నాకున్న ఒకే టెన్షన్ టర్బోలకి ఆయిల్ అందడం. రెండు టర్బోలూ సిలిండర్ల వీ ఆకారం మధ్యలో, విపరీతమైన వేడిలో ఉంటాయి. వాటికి ఆయిల్ వెళ్లే దారిలో చిన్న జాలీ ఉంది. ఆయిల్ ఆలస్యంగా మారుస్తూ పోతే ఆ జాలీకి మసి పట్టి పూడుకుపోతుంది, టర్బోకి ఆయిల్ అందక పాడవుతుంది. జాలీ మార్చారా, ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకి మార్చారు అని అడగండి. నోటి మాట వద్దు, బిల్లులు చూపించమనండి. బిల్లులు లేని ఆర్‌ఎస్6ని ఎంత తక్కువకి ఇచ్చినా నేను తీసుకోను.

బండి కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్‌లు చదివే స్కానర్ కూడా పెట్టించండి. ఎర్రర్లు ఏమీ లేవని సంతోషపడకండి, రెడినెస్ మానిటర్లు, అంటే బండి తనని తాను చెక్ చేసుకునే పరీక్షలు, పూర్తయ్యాయా చూడమనండి. అవి ఇంకా పూర్తికాలేదంటే ఈ మధ్యే ఎవరో కోడ్‌లు చెరిపేశారు లేదా బ్యాటరీ పీకారు.

పేపర్ల సంగతి క్లుప్తంగా. బయటి రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ, లోన్ ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, పెండింగ్ చలాన్లు చూసుకోండి. తెలంగాణకి మార్చుకుంటే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఇలాంటి బండికి అది లక్షల్లో ఉంటుంది. బేరం ఆడేముందే ఆ లెక్క వేసుకోండి.

సరే, ఇప్పుడు స్టార్ట్ చేద్దాం. మైకు బానెట్ దగ్గర పెట్టాం, ఇంకో కెమెరా సైలెన్సర్ వైపు. మొదటి రెండు మూడు సెకన్లు చాలా ముఖ్యం. ఇంజిన్ వెనక భాగం నుంచి గొలుసు ఊగినట్టు గలగల వస్తుందేమో వినండి, ఇంజిన్ వాల్వులని సమయానికి నడిపే టైమింగ్ చెయిన్లు అక్కడే ఉంటాయి. చల్లటి పొద్దున తెల్లటి ఆవిరి వస్తే భయం లేదు. నీలం రంగు పొగ వస్తే మాత్రం ఆయిల్ కాలుతోందని అర్థం. నేనిక మాట్లాడను, మీరే వినండి.