పోటు నీటితో నడిచివచ్చే పిట్టలు

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న ఈ పిట్టను ఒకసారి చూడండి. కొడవలిలా కిందికి వంగిన పొడవాటి ముక్కు, నీటి అంచున ఆచితూచి వేసే అడుగు. దీని పేరు కర్లూ. తీరపు పిట్టల్లో ఇంత బెదురున్నవి అరుదు. మనిషి వంద మీటర్ల దూరంలో ఉన్నప్పుడే లేచిపోతుంది. ఈ దృశ్యం తీసినప్పుడు మా ఇద్దరి మధ్య ఉన్నది 12 మీటర్లు. నేను దాని వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. అదే నడిచి వచ్చింది.

ఇది కాకినాడ దగ్గర కుంభాభిషేకం బురద నేల. అవతల కోరింగ మడ అడవులు, దూరంగా హోప్ ఐలాండ్. చలికాలంలో ఇక్కడికి సైబీరియా టండ్రాలో గుడ్లు పెట్టే కర్లూ సాండ్‌పైపర్లు అనే వేరే పిట్టలు వస్తాయి, పాతిక గ్రాముల బరువుండే లిటిల్ స్టింట్లు వస్తాయి, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న గ్రేట్ నాట్లూ వస్తాయి. ఇంత దూరం ఎగిరివచ్చిన ప్రాణుల దగ్గరికి కెమెరా పట్టుకుని పరుగెత్తడం నాకు మనసొప్పదు. అందుకే వాటినే రానిచ్చే పద్ధతి నేర్చుకున్నాను.

ఆ పద్ధతికి మూలం పోటుపాటులు. పాటు సమయంలో నీరు వెనక్కి పోతే పిట్టలు ఆ నీటి అంచునే పట్టుకుని, బురదలో పురుగులను ఏరుకుంటూ చాలా దూరం వెళ్లిపోతాయి. పోటు మొదలైతే అదే అంచుతో పాటు అడుగడుగునా ఒడ్డుకు జరుగుతాయి. నీరు ఆ రోజు ఎంతవరకు ఎక్కుతుందో, ఆ గీతకు కాస్త పైన మనం ముందే పడుకుని ఉంటే చాలు. నిన్నటి పోటు వదిలిన నురుగు, పుల్లలు ఆ గీతను చూపిస్తాయి. అమావాస్యకో పౌర్ణమికో దగ్గర పడుతుంటే మాత్రం నీరు నిన్నటి గీత దాటి వస్తుంది, ఇంకా పైకి జరగాలి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, మనకు కావలసిన వేళకు వచ్చే రోజును ముందే లెక్కవేసుకోవచ్చు.

ఏ వేళ కావాలి? మన తూర్పు తీరంలో పొద్దున సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు. ఒడ్డున పడుకుంటే పిట్టలన్నీ నల్లని నీడలై కనిపిస్తాయి. అందుకే సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో పోటు నిండే రోజును ఎంచుకుంటాను. ఎండ వీపు మీద పడుతుంది, పిట్ట కంటిలో వెలుగు చుక్క మెరుస్తుంది.

ఇక కప్పుకునే గుడ్డ. చాలామంది ఆకుల బొమ్మలున్న పచ్చని గుడ్డ కొని, చెట్టన్నదే లేని బూడిదరంగు బురదలో దాన్ని కప్పుకుంటారు. నాది పాత చేపల వల. దానికి గోనె పీలికలు కట్టి, అక్కడి బురదే పులిమాను. నిజానికి రంగు కన్నా ఆకారం ముఖ్యం. ఈ పక్కనే గేదెలు నీటి అంచు దాకా మేస్తూ వెళ్తే ఒక్క పిట్టా లేవదు. నిలబడ్డ మనిషి ఆకారం కనిపిస్తే మాత్రం ఊరుకోవు. 1900 ప్రాంతంలో ఇంగ్లండులో కియర్టన్ సోదరులు, రిచర్డ్, చెర్రీ, ఎద్దు చర్మంతో బోలుగా ఒక బొమ్మ చేయించి, దానిలో దాక్కుని పిట్టల ఫొటోలు తీశారు. పిట్ట భయం దేనికో వారికి అప్పుడే తెలుసు.

కెమెరాను అట్ల పెనంలో పెడతాను. పెనం బురదలో దిగబడదు, నెమ్మదిగా ముందుకు జరుగుతుంది. 600 మిల్లీమీటర్ల లెన్సు నేలకు జానెడు ఎత్తులో, పిట్ట కంటికి సమానంగా ఉంటుంది. పైనుంచి తీస్తే పిట్ట వెనక బురదే కనిపిస్తుంది. ఇంత కిందినుంచి తీస్తే వెనక ఉన్నదంతా మసకలో కరిగి పిట్ట ఒక్కటే నిలుస్తుంది. షట్టరు చప్పుడు లేకుండా పెట్టుకోండి. లెన్సును తిప్పవలసి వస్తే గడియారం ముల్లు కదిలినంత నెమ్మదిగా తిప్పండి.

ముందుగా గమనించవలసింది కర్లూను కాదు, రెడ్‌షాంక్‌ను. ఎర్ర కాళ్ల ఈ పిట్టే బురద నేలకు కావలి. తల పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టిందంటే అనుమానం వచ్చినట్టే. అది ఒక్క కేక వేస్తే గుంపంతా గాలిలో ఉంటుంది. అందుకే అది తల ఆడించగానే నా వేలు కూడా కదలదు. అది మళ్లీ ముక్కు బురదలో పెట్టేదాకా ఆగుతాను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. రెండేళ్ల కిందట, కావలసిన ఫొటోలు దొరికాయన్న సంతోషంలో, పోటు నిండి ఉండగానే వల తీసి లేచి నిలబడ్డాను. మూడు నాలుగు వందల పిట్టలు ఒక్కసారిగా లేచాయి. బురదంతా నీటి కింద ఉంది, వాటికి వాలడానికి మరో చోటు లేదు. చాలాసేపు గాలిలోనే తిరిగాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరానికి వెళ్లే ప్రయాణం కోసం ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే పిట్టలవి. ఆ కొవ్వును నేను ఖర్చు చేయించాను. ఆ రోజు ఫొటోలు ఇప్పటికీ ఎవరికీ చూపలేదు.

అప్పటినుంచి వెళ్లడం కన్నా తిరిగిరావడానికే ఎక్కువ సిద్ధమవుతాను. మధ్యాహ్నం ఒంటిగంటకు పడుకుంటే చీకటి పడేదాకా లేవను. నీళ్ల సీసా, కొన్ని ఖర్జూరాలు, మోచేతుల కింద పాత పరుపు ముక్క, అంతే. ఇక్కడ తీతువులు, కెంటిష్ ప్లోవర్లు ఇసుకలో గుడ్లు పెట్టే ఎండాకాలంలో అసలు వల తీసుకెళ్లను. తల్లి లేచిపోతే ఆ వేడికి గుడ్లు నిలవవు.

మొన్నటి సాయంత్రం నీరు తీయడం మొదలైంది. ముందు స్టింట్లు, వాటి వెనక రెడ్‌షాంక్, చివరగా కర్లూ నీటి అంచు పట్టుకుని దూరమయ్యాయి. కేకలు వినబడని దూరం చేరాక, చీకట్లో వల తీసి టార్చి వెలిగించాను. పెనానికి మూరెడు దూరంలో, తడి బురద మీద, చిన్న చిన్న మూడు వేళ్ల అడుగుల వరుస ఉంది. అది ఏ పిట్టదో, ఎప్పుడు వచ్చి వెళ్లిందో నేను చూడనే లేదు.